ఎడమ బటన్‌లో పుల్లముక్క

ప్యో గుమ్‌జాకి పది వేళ్లూ ఉన్నాయి. ఇందులో చెప్పుకోవడానికేముంది అనిపిస్తే, మీరు ఇంచియాన్ నగరంలో ప్రెస్సు షాపుల వీధికి ఎప్పుడూ రాలేదన్నమాట. అల్యూమినియం రేకుని ఒక్క దెబ్బతో రైస్ కుక్కర్ గిన్నెగా మార్చే ప్రెస్సు ముందు పద్నాలుగేళ్లు నిలబడి, ఇంకా పది వేళ్లతో ఇంటికి వెళ్తున్న మనిషి ఆ వీధి మొత్తానికి ఆమె ఒక్కతే. ఇంటికి రాగానే తొమ్మిదేళ్ల కూతురు నంజూ గుమ్మంలోనే తల్లి చేతులు పట్టుకుని ఒక్కో వేలూ ముట్టుకుంటూ లెక్కపెట్టేది. "పది!" అన్నాకే చెప్పులు విడవనిచ్చేది. తండ్రి లేని పిల్ల. ఆటగా మొదలైంది గానీ, ఒక్కరోజు కూడా మానేది కాదు.

గుమ్‌జాకి రెండో గర్వం వేగం. షిఫ్టుకి మిగతావాళ్లు రెండు వేల గిన్నెలు దించితే ఆమె రెండు వేల ఆరువందలు దించేది. గేటు పక్కన అద్దాల పెట్టెలో 'ఈ నెల ఉత్తమ కార్మికురాలు' ఫోటో ఏళ్ల తరబడి ఆమెదే. ఎండకి అది వెలిసిపోతే తనే స్టూడియోకి వెళ్లి, జుట్టు వంకీలు తిప్పించుకుని, కొత్తది తీయించుకుని వచ్చింది.

ఆ వేగం వెనకాల వేలెడంత పుల్లముక్క ఒకటి ఉంది. ప్రెస్సుకి ముందు వైపు రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే పై అచ్చు కిందికి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీదే ఉంటే అచ్చు కింద చెయ్యి ఉండే వీలు లేదు, అంతే లెక్క. గుమ్‌జా క్యాంటీన్‌లో వాడి పారేసే చెక్క చాప్‌స్టిక్‌ని విరిచి, ఆ ముక్కని ఎడమ బటన్ సందులో దూర్చేది. బటన్ లోపలికి దిగి అలాగే ఉండిపోయేది. ఇక కుడి బటన్ ఒక్కటి చాలు. ఎడమచెయ్యి రేకు పెట్టడం, గిన్నె తీయడం, కుడిచెయ్యి నొక్కడం. గిన్నెకి మూడు సెకన్లు మిగిలేవి. షిఫ్టు దిగే ముందు పుల్ల పీకి ఏప్రన్ జేబులో వేసుకునేది. మేస్త్రీ బోంగ్‌కి ఈ సంగతి తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఆయనకి బాగా తెలుసు.

పొద్దున్నే అందరూ వరసగా నిలబడి యంత్రం వైపు వేలు చూపిస్తూ అరవడం అక్కడ అలవాటు. "కుడి బటన్?" అని మేస్త్రీ అడిగితే "సరే!" అనాలి. "ఎడమ బటన్?" అంటే మళ్లీ "సరే!" అనాలి. అందరికంటే ఖంగుమనే గొంతు గుమ్‌జాది. అలా అరిచిన అరనిమిషానికి పుల్ల దూర్చేది.

వాళ్లు నిలబడే చోట గోడకి ఒక బోర్డు. 'ప్రమాదం లేని రోజులు' అని పైన రాసి, కింద మేకులకి రేకు అంకెలు వేలాడుతుంటాయి. ఆ అంకెలు గుమ్‌జా తన ప్రెస్సు మీద కొట్టినవే. ఎనభై తొమ్మిదో సంవత్సరం చలికాలం మొదలయ్యేసరికి ఆ బోర్డు వెయ్యికి దగ్గరపడింది. వెయ్యి నిండితే కంపెనీ మనిషికో మందపాటి దుప్పటి ఇస్తానంది. ఆ దుప్పటి మీద పులి బొమ్మ ఉంటుందా, నెమలి బొమ్మ ఉంటుందా అని క్యాంటీన్‌లో రోజూ పోట్లాటే.

ఆ ఏడు వసంతంలోనే తాక్ యోన్‌హీ పనిలో చేరింది. ఇరవై ఆరేళ్ల మనిషి. ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ సగానికి సగం లేవు. అంతకుముందు చేసిన చోట పోయాయి. మొదటిరోజు మధ్యాహ్నం తిండి దగ్గర అందరూ ఆ చేతికేసి చూడకుండా ఉండటానికి నానా తంటాలూ పడుతుంటే, ఆమే చెయ్యెత్తి చూపించింది.

"చేపల బజార్లో దీంతో పెద్ద నష్టమొచ్చి పడిందక్కా. నాలుగు చేపలివ్వమని వేళ్లు చూపిస్తే, వాడు మూడే కడుతున్నాడు."

బల్ల బల్లంతా పగలబడి నవ్వింది. సూప్ పొలమారి ఒకామె కళ్లనీళ్లు పెట్టుకుంది. గుమ్‌జా మాత్రం గిన్నెలోంచి తలెత్తలేదు. పద్నాలుగేళ్లలో తన మాటకి ఆ బల్ల ఒక్కసారైనా అలా నవ్విందా అని గుర్తు తెచ్చుకుంటూ అన్నం నమిలింది. ఒక్కసారీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఎటు చూసినా యోన్‌హీయే. ఎవరికి చెయ్యి గీరుకున్నా "యోన్‌హీకి చూపించు". ఎవరికి మేస్త్రీతో పేచీ వచ్చినా "యోన్‌హీని అడుగు". రెండేళ్ల కిందటి సమ్మెల్లో పుట్టిన యూనియన్, యంత్రాలు తనిఖీ చేయడానికి కార్మికుల్లోంచే ఒక మనిషి ఉండాలని పట్టుబట్టి సాధించింది. ఓట్లు పెట్టారు. యోన్‌హీకి డెబ్బై ఒకటి వచ్చాయి. గుమ్‌జాకి మూడు, అందులో ఒకటి ఆమె తనకి తాను వేసుకున్నది.

'వేళ్లు పోగొట్టుకున్నదానికా ఇంత మర్యాద? కాపాడుకున్నదాన్ని అడిగే దిక్కు లేదు' అనుకుంది గుమ్‌జా. ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరూ చూడకుండా ఎడమచేతి రెండు వేళ్లు మడిచి చూసుకుంది కూడా. వెంటనే సిగ్గేసి చెయ్యి కోటు జేబులో దాచుకుంది.

ఎవరు ఎటుపోయినా ఒక్‌బున్ మాత్రం తనది అని ఉండేది గుమ్‌జాకి. మధ్యాహ్నం మూడింటికి అదే ప్రెస్సు ఎక్కే రెండో షిఫ్టు మనిషి ఆమె. గుమ్‌జా కంటే ఆరేళ్లు పెద్దది. పక్క సందులోనే ఇల్లు. చలికాలానికి క్యాబేజీ పచ్చడి జాడీలకెత్తడం పదేళ్లుగా ఇద్దరూ కలిసే చేస్తున్నారు. ఒకరు ఉప్పు వేస్తే ఒకరు కారం కలపడం, ఒకరి నోట్లో ఒకరు మొదటి ముద్ద పెట్టడం.

నవంబరులో ఒకరోజు షిఫ్టు మారే వేళ ఒక్‌బున్ చేతులకి తొడుగులు వేసుకుంటూ అంది: "ఆదివారం పచ్చడికి యోన్‌హీని కూడా రమ్మన్నానే. పాపం, ఒంటరిది."

"ఎందుకు? మనిద్దరం చాలమా?"

"ఏమే, ముప్ఫై క్యాబేజీలు! ఇంకో చెయ్యి ఉంటే తేలికేగా."

"చెయ్యా? సగం చెయ్యి అను."

"ఛీ, నోరు ముయ్. మనిషివేనా నువ్వు?" అని ఒక్‌బున్ నీళ్లు తాగడానికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే యోన్‌హీ వచ్చింది. షిఫ్టు మారేటప్పుడు ప్రతి ప్రెస్సూ చూసి, బాగుంటే పచ్చ బిళ్ల, లేకపోతే ఎర్ర బిళ్ల తగిలించడం ఆమె పని. పుల్ల ఇంకా బటన్‌లోనే ఉంది. పీకేద్దామని అటు తిరిగిన గుమ్‌జా, ఈమెని చూడగానే ఆగిపోయి బటన్లకి అడ్డంగా నిలబడింది.

"అక్కా, ఒక్క నిమిషం పక్కకి జరుగు, బటన్లు చూస్తాను."

"నువ్వు బొడ్డూడని పిల్లగా ఉన్నప్పట్నించీ నేనీ ప్రెస్సు మీదున్నాను. నా యంత్రం నువ్వు చూస్తావా?"

"నీ మీద అనుమానం కాదక్కా, అందరివీ చూస్తున్నా కదా..."

"బాగుందని నేను చెప్తున్నా. నా మాటకి విలువ లేదా? పెద్దామె చెప్పాక కూడా చెయ్యి పెట్టి తడుముతావా?"

చుట్టూ నలుగురు ఆగి చూస్తున్నారు. పన్నెండేళ్లు పెద్దది అంత మాట అన్నాక, నలుగురిలో ఆమెని తోసుకుని వెళ్లి తడమడం అక్కడ పుట్టి పెరిగిన ఏ పిల్లకీ చేత కాదు. యోన్‌హీ తల వంచింది. "నువ్వు చెప్తే చాల్లే అక్కా" అని పచ్చ బిళ్ల తగిలించి వెళ్లిపోయింది.

గెలిచిన ఊపులో గుమ్‌జా తలెగరేసుకుంటూ బయటికి నడిచింది. ఆదివారం పచ్చడికి ఏం వంక పెట్టి మానేయాలా అని ఆలోచిస్తూ ఇల్లు చేరింది. నంజూ పది లెక్కపెట్టింది. పుల్ల మాటే గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున బోర్డు మీద తొమ్మిది వందల తొంభై ఏడు. మేస్త్రీ బోంగ్ గొంతు సవరించుకుని చెప్పాడు: "ఒక్‌బున్ నిన్న సాయంత్రం ఇంట్లో ముల్లంగి తరుగుతూ రెండు వేళ్లు కోసుకుందట. పచ్చళ్ల రోజులు కదా, ఆడవాళ్లందరూ కత్తులతో జాగ్రత్త."

రెండో షిఫ్టులో ఉన్న ఒక్‌బున్ నిన్న సాయంత్రం ఇంట్లో ముల్లంగి ఎలా తరిగిందని ఎవరూ అడగలేదు. అంబులెన్సు రాలేదనీ, టార్పాలిన్ కప్పిన కంపెనీ వ్యానులో ఎక్కించుకుపోయారనీ అప్పటికే అందరికీ తెలుసు. గుమ్‌జా చెయ్యి ఏప్రన్ జేబులోకి వెళ్లింది. పుల్ల లేదు. ఇంకో జేబులో చూసింది. అక్కడా లేదు.

మేస్త్రీ తన గదిలోకి పిలిచి పుల్లముక్కని బల్ల మీద పెట్టాడు. ఒక్‌బున్‌కి కుడిచెయ్యి బటన్ మీద ఆనించి, ఎడమచేత్తో రేకు సర్దుకునే అలవాటు. ఎడమ బటన్ నొక్కే దాకా అచ్చు దిగదన్న ధీమా. నిన్న అది దిగింది.

"ఇది ఎవరిదో నాకు తెలుసు. కంగారు పడకు, నేను చెప్పను" అన్నాడు బోంగ్. "ముల్లంగి కథతో సరిపోయేది. ఆ యోన్‌హీ లేబర్ ఆఫీసుకి వెళ్లి కూర్చుంది. ఎల్లుండి ఇన్‌స్పెక్టర్ వస్తాడట. అలా వస్తే మనం చెప్పాల్సింది ఒక్కటే. నువ్వు దిగేటప్పుడు యంత్రం శుభ్రంగా ఉంది. ఆ తర్వాత పచ్చ బిళ్ల తగిలించింది యోన్‌హీ. చూడకుండా తగిలించినందుకు ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. బిళ్ల పడకముందే ఒక్‌బున్ తనే పుల్ల పెట్టుకుందంటాం, కాబట్టి ఆమెకి పరిహారం ఇచ్చేదీ ఉండదు. ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు."

"ఒక్‌బున్ అక్క పెట్టుకోలేదు కదండీ."

"ఆ పచ్చ బిళ్ల అమ్మాయి వచ్చాక నిన్నెవరైనా పట్టించుకుంటున్నారా? గేటు దగ్గర నీ ఫోటో కూడా తీసేయాలని యూనియన్ వాళ్లు అడుగుతున్నారు. వేగాన్ని పొగిడితే చేతులు పోతాయట." ఆయన కాగితం మడిచి ఆమె జేబులో పెట్టాడు. "రేపు పొద్దున తెచ్చివ్వు."

ఆ మాట గుమ్‌జా గుండెకి సూటిగా తగిలింది. చెప్పకూడదు గానీ, ఆసుపత్రి దాకా నడిచినంత సేపూ ఆ కాగితం జేబులో వెచ్చగానే ఉన్నట్టు అనిపించింది. యోన్‌హీ లేని క్యాంటీన్ కళ్ల ముందు కదిలింది. ఒక్‌బున్‌కి అన్యాయమే. కానీ తను నీళ్లు మోసి, వంట చేసిపెట్టి, జీవితాంతం చూసుకోదూ? యోన్‌హీ కంటే బాగా చూసుకోదూ?

ఒక్‌బున్ ఎడమచెయ్యి కట్టుతో తెల్లటి గుండులా ఉంది. ముఖం పాలిపోయింది.

"వచ్చావా? కూర్చో. ఆ యాపిల్ చెక్కిపెట్టు, నాకు చేతకాదిప్పుడు."

గుమ్‌జా చెక్కడం మొదలుపెట్టింది. తొక్క తెగిపోతోంది.

"యోన్‌హీ వచ్చి వెళ్లింది" అంది ఒక్‌బున్. "ఈ నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది, ఎంత చెప్పినా లేవదు. 'తప్పంతా నాదే అక్కా, చూడకుండా బిళ్ల తగిలించాను' అని ఒకటే ఏడుపు. లేబర్ ఆఫీసులో కూడా అలాగే రాసిస్తుందట. తన ఉద్యోగం పోయినా సరే, నాకిది పనిలో తగిలిన దెబ్బని తేలితే చాలంటుంది."

"ఎందుకు చూడలేదో చెప్పిందా?"

"తొందరలో ఉన్నానంది."

"ఇంకేం చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?" ఒక్‌బున్ ఆమె ముఖంలోకి చూసింది. "ఏమే, చెమటలు పడుతున్నాయేం?"

గుమ్‌జాకి మొదట వచ్చింది పశ్చాత్తాపం కాదు, కోపం. ఒళ్లు మండిపోయింది. బల్ల మీద నవ్వులు అదే తీసుకుంది. ఓట్లు అదే తీసుకుంది. ఆదివారం పచ్చడీ తీసుకుంది. చివరికి తన తప్పు కూడా అదే తీసుకుపోతుందా? మోకాళ్ల మీద కూర్చుని, ఏడ్చి, తన పేరు ఎత్తకుండా దాచిపెట్టి మరీ! ఆ పుల్ల విరిచింది ఎవరు? దూర్చింది ఎవరు? ఆ ముక్క మీద దానికేం హక్కు? సగం చెక్కిన యాపిల్ అక్కడే పెట్టి లేచి వచ్చేసింది.

ఇంటి దగ్గర నంజూ లెక్కపెట్టింది. "పది! అమ్మా, మరి ఒక్‌బున్ అత్తకి?"

"ఎనిమిది."

"నీకు మాత్రం పదీ ఎలా ఉన్నాయమ్మా?"

జాగ్రత్తగా ఉంటాను గనక అని ఎప్పుడూ చెప్పే జవాబు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పిల్ల ఆ వేళ్లు వదలకుండా జవాబు కోసం చూస్తూనే ఉంది.

తెల్లారింది. బోర్డు మీద తొమ్మిది వందల తొంభై ఎనిమిది. అందరూ వరసగా నిలబడ్డారు. యోన్‌హీ వరస చివర, కళ్లు వాచి ఉన్నాయి.

"కుడి బటన్?" అన్నాడు బోంగ్.

"సరే!"

"ఎడమ బటన్?"

"సరే!" అని అందరూ అరిచారు. గుమ్‌జా ఒక్కతే అరవలేదు. ఆ గొంతు లేకపోవడం ఎంత కొట్టొచ్చినట్టు తెలిసిందంటే, తలలన్నీ ఇటు తిరిగాయి.

"సరే కాదు" అంది గుమ్‌జా. "పద్నాలుగేళ్లుగా సరే కాదు. ఎడమ బటన్‌లో నేను పుల్ల పెడతాను. ఒక్‌బున్ అక్క వేళ్లు తీసింది నా పుల్ల."

"గుమ్‌జా, వరసలోకి వెళ్లు" అన్నాడు మేస్త్రీ.

"వెళ్తాను, ఉండండి." ఆమె యోన్‌హీ వైపు తిరిగింది. "ఏమే, నీకెవరిచ్చారే నా తప్పు? చూస్తానని నువ్వు వస్తే, అడ్డం నిలబడి తిట్టింది నేను కాదూ? తొందరలో ఉన్నానట! అన్నీ నీకే కావాలా?"

"అక్కా..."

"అక్కా లేదు, గిక్కా లేదు. లేబర్ ఆఫీసులో రాసిచ్చేది నేను. నీ రాత ఎలా ఉంటుందో నాకు తెలుసు, కోడి గీతలు. నాది నేను రాసుకుంటాను."

బోర్డు దగ్గరికి వెళ్లి, స్టూలు లాక్కుని ఎక్కింది. మొదటి తొమ్మిది తీసింది, రెండో తొమ్మిది తీసింది, ఎనిమిది తీసింది. పక్కన మేకుకి వేలాడుతున్న కట్టలోంచి సున్నా వెతికి తీసి, మధ్యలో తగిలించింది. వంకరగా ఉందని మళ్లీ సర్దింది. జేబులోంచి మేస్త్రీ ఇచ్చిన కాగితం తీసి, మడత విప్పకుండానే ఆయన చేతిలో పెట్టింది.

"నా దుప్పటి!" అని వెనకనుంచి ఎవరో మూలిగారు. ఇంకెవరో "నోర్ముయ్" అన్నారు.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు గుమ్‌జా ఆయన్ని ప్రతి ప్రెస్సు దగ్గరికీ తీసుకెళ్లి, బటన్‌ని ఎన్ని రకాలుగా మోసం చేయవచ్చో చూపించింది. పుల్ల, తడి గుడ్డ, జిగురు టేపు, బూటు లేసు... ఏడు రకాలు. ఆయన రాసుకోలేక మధ్యలో రెండుసార్లు ఆగమన్నాడు. ఒక్‌బున్‌ది పనిలో తగిలిన దెబ్బేనని తేలింది, రావలసింది వచ్చింది. వసంతానికల్లా కొత్త బటన్లు వచ్చాయి. ఒకటి ఇరుక్కుని ఉంటే రెండోది అసలు పనిచేయని రకం. మేస్త్రీ బోంగ్‌ని గోడౌనుకి పంపేశారు. గుమ్‌జాని మూడు నెలలు ప్యాకింగులో కూర్చోబెట్టారు, గేటు దగ్గర ఫోటో తీసేశారు. ఖాళీ అద్దాల పెట్టె ముందు నుంచి ఆమె రోజూ తల తిప్పుకోకుండా నడిచి వెళ్లేది.

ఒక్‌బున్ ఏడాది పాటు మాట్లాడలేదు. సందులో ఎదురైతే గోడ వైపు చూసేది. మళ్లీ పచ్చళ్ల రోజులొచ్చాక నంజూతో కబురు పంపింది: "ముల్లంగి తరగడానికి నాకు వేళ్లు చాలడం లేదు. మీ అమ్మ దగ్గర పదీ ఊరికే పడున్నాయిగా, తెమ్మను."

గుమ్‌జా వెళ్లింది. అప్పటికే యోన్‌హీ తొట్టి ముందు కూర్చుని కారం కలుపుతోంది. సాయంత్రం దాకా ముగ్గురూ కలిసే చేశారు. వేళ్లు పోయిన ఆ ఎడమచేత్తోనే ఒక్‌బున్ మొదటి ముద్ద గుమ్‌జా నోట్లో పెట్టింది. తర్వాత ఒక్‌బున్ ఇంకో ముద్ద తీసి యోన్‌హీ నోట్లో పెట్టి, "నీ చేతి కారం బాగా కుదిరిందే" అంది. గుమ్‌జా కారం తొట్టి తన వైపు లాక్కుంది.

దీనికి ముందు, ప్యాకింగులో మూడు నెలలూ అయి గుమ్‌జా ప్రెస్సు మీదికి తిరిగొచ్చిన మొదటిరోజు సంగతి చెప్పి ముగిస్తాను. షిఫ్టు మారే వేళ యోన్‌హీ బిళ్లలు పట్టుకుని వచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది.

"ఏం నిలబడ్డావ్? నా మాట నమ్మకు. చెయ్యి పెట్టి చూడు" అంది గుమ్‌జా, పక్కకి జరుగుతూ.

యోన్‌హీ సగం వేళ్లతో ఎడమ బటన్ చుట్టూ తడిమింది. కుడిది తడిమింది. రెండూ విడివిడిగా నొక్కి చూసి, కలిపి నొక్కి చూసి, పచ్చ బిళ్ల తగిలించింది. తర్వాతి ప్రెస్సుకి వెళ్లింది.

ఆమె అటు తిరిగే దాకా గుమ్‌జా ఆగింది. తర్వాత వంగి, రెండు బటన్లూ మొదటినుంచి మళ్లీ ఒకసారి చూసింది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన మిగతా పదకొండేళ్లూ అంతే. యోన్‌హీ ఎన్నిసార్లు చూస్తే, గుమ్‌జా అంతకు ఒకసారి ఎక్కువ చూసేది.